రంగు కడిగిన దండు

సీసం అనగానే పద్యం గుర్తొచ్చేవాళ్లు వేరు. మాకు గుర్తొచ్చేది లోహం. బీస్టన్ చర్చి వెనక హాల్లో గురువారం సాయంత్రాలు కొందరం చేరి, బొటనవేలంత సీసపు బొమ్మలకు రంగులద్ది, గళ్లు గీసిన పలక మీద నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధాలు చేస్తాం. మా మోకాళ్లు సహకరించవు గనుక మా బదులు బొమ్మలు పరిగెడతాయి. బల్ల గుద్దితే రెండు సైన్యాలూ ఒకేసారి కూలిపోతాయి గనుక మా క్లబ్బులో ఎవరూ ఏ సంగతీ బల్ల గుద్ది చెప్పరు. నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఆప్యాయంగా పిలవాలంటే ఎదుటి మనిషిని బాతు అంటారు. ఆ లెక్కన మా దగ్గర ఆటకన్నా బాతాఖానీ ఎక్కువ.

నా పేరు డెస్మండ్. పగలు బూట్లకు అడుగులు వేస్తాను, గురువారాలు బొమ్మలు వేసే అడుగులు కొలుస్తాను. ఎవరి రౌతు ఎంత దూరం జరగాలి, కిందపడ్డ పాచిక చెల్లుతుందా చెల్లదా, ఈ తగువులన్నీ తీర్చేది నేనే. తీర్పు నాదే గాని చట్టం మాత్రం నెవిల్‌ది.

నెవిల్ కట్టుడు పళ్లు చేస్తాడు. ఊళ్లో సగం నవ్వులు వాడి చేతి చలవే. పళ్లకూ చిగుళ్లకూ సరైన రంగు కలిపి కలిపి, రంగుల విషయంలో వాడి కంటికి దయ లేకుండా పోయింది. హాలు గోడకు వాడు అంటించిన కాగితం మీద ఒకే ఒక్క రూలు ఉంటుంది. రంగు పడనిది రంగంలో పడదు. ఒట్టి సీసంతో ఎవరొచ్చినా వెనక్కి పంపేస్తాడు. గ్యారెత్ అని ఒక కుర్రాడున్నాడు. నలభై దాటినా మాకు కుర్రాడే. ఒకసారి అతను కాళ్లకు రంగు వేయని విలుకాళ్లను పట్టుకొస్తే, నెవిల్ కళ్లజోడు పైకెత్తి చూసి, "ముందు ఇంటికెళ్లి వీళ్లకు పాంట్లు తొడిగి తీసుకురా" అన్నాడు. గ్యారెత్ దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

నెవిల్‌కు ఇంకో పట్టింపు కూడా ఉంది. రంగు పలచగా కలపాలి, కుంచెతో కొంచెం కొంచెంగా వేయాలి, పూత ఆరాకే పూత వేయాలి. మందంగా పూసినవాడు వాడి దృష్టిలో పలచనైపోయేవాడు.

హేజెల్‌తో వాడిది రెండో పెళ్లి. ఆమెకూ రెండోదే. "మొదటి పూత పెచ్చులూడింది, ఇది రెండో పూత" అని పెళ్లి విందులో నేనంటే హేజెల్ పకపకా నవ్వింది. నెవిల్ మాత్రం, "మొదటిది పూర్తిగా ఆరనిచ్చే వేశాం" అని నాకు నిదానంగా వివరించాడు.

హేజెల్ ట్రామ్ నడుపుతుంది. పెళ్లయ్యాక నెవిల్ ఆమె ఇంటికే మారాడు. డ్యూటీ లేని గురువారాల్లో ఆమె కారులో వాడిని హాలు దగ్గర దింపి వెళ్లిపోయేది. లోపలికి రమ్మంటే, "మీ యుద్ధాలు మీవి" అనేది. భోజనాల దగ్గర నెవిల్ తన రౌతుల గురించీ పూతల గురించీ చెప్పుకుపోతుంటే, బఠాణీల మీద పుదీనా పులుసు పోసుకుంటూ వినేది. ఆమెది ఓర్పనుకున్నాడు నెవిల్. మేమూ అదే అనుకున్నాం.

చలికాలం ముందు నెవిల్ ఆ ఇంటి అటకెక్కాడు. చలి దిగకుండా దూదిచుట్టలు పరుస్తుంటే మూలన ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత మీద మేకుతో గీకిన పేరు రసెల్. రసెల్ అంటే హేజెల్ అన్న. పందొమ్మిదో ఏట మోటారుసైకిలు ప్రమాదంలో పోయాడు. మెట్ల దగ్గర ఫొటో ఉంటుంది. ఆమె ఎప్పుడూ అతని ఊసెత్తదు, నెవిల్ ఎప్పుడూ అడగలేదు.

డబ్బా నిండా సీసపు బొమ్మలు, పొట్టి దయ్యాలు. పొడుగాటి ముక్కులు, అంతకన్నా పొడుగు చెవులు, చేతుల్లో వంకర కత్తులు. ఇప్పుడెవరూ పోత పోయని పాత అచ్చులు. మా క్లబ్బులో ఎవడి కంటపడినా కళ్లనీళ్లు పెట్టుకునే సరుకు.

"కాని వాటి మీద రంగు చూడాలి డెస్," అన్నాడు నెవిల్ నాతో. "బొమ్మ విమానాలకు వేసే జిగట రంగు. రొట్టె మీద జామ్ పూసినట్టు పూశాడు. ముక్కెక్కడో మూతెక్కడో తెలీదు. పాపం, కింద ఎంత అందమైన పోత ఉందో ఆ పిల్లాడికి తెలియలేదు. దాన్ని నేను బయటికి తీస్తా. హేజెల్ పుట్టినరోజుకి ఇస్తా."

బయటివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు గాని మాకిది పుణ్యకార్యం. పాత బొమ్మ దొరికితే రంగు దింపే మందులో నానబెట్టి, బ్రష్షుతో తోమి, ఎవరో చేసిన పాపాన్ని కడిగేస్తాం. మాలో ఎవరికి ఆ డబ్బా దొరికినా అదే చేసేవాళ్లం. నెవిల్ సీసాన్ని సీసాలో పడేశాడు. పాచికలు విసిరే చేత్తో పాచి తోమే బ్రష్షు పట్టాడు. హేజెల్‌కు తెలియకుండా తన పళ్ల వర్క్‌షాపులో కూర్చుని ఒక్కొక్క దయ్యాన్నీ ముడతముడతనా తోమాడు. మాకు చూపించడానికి తెచ్చేసరికి అవి అప్పుడే పోతపోసినట్టు తళతళలాడుతున్నాయి. బల్ల చుట్టూ చేతులు మారాయి. అందరం మెచ్చుకున్నాం. గ్యారెత్ ఒక్కడే, "నా వాళ్లకు పాంట్లే లేవు, వీళ్లకు నూలుపోగు కూడా లేదు" అన్నాడు. అంటూనే చేతిలోది పక్కవాడికివ్వకుండా చాలాసేపు తిప్పితిప్పి చూశాడు.

పుట్టినరోజు టీకి నన్నూ పిలిచారు. కేకు కోయడం అయ్యాక నెవిల్ ఒక పళ్లెం పట్టుకొచ్చాడు, పైన గుడ్డ కప్పి.

"కళ్లు మూసుకో బాతూ."

"పళ్లు కాదు కదా?" అంది హేజెల్ కళ్లు మూసుకుంటూ. "నావి నాకింకా గట్టిగానే ఉన్నాయి."

గుడ్డ తీశాడు. ఆకుపచ్చ బట్ట మీద పొట్టి దయ్యాలు వరుసగా మెరుస్తున్నాయి. హేజెల్ కళ్లు తెరిచి, ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టిన క్షణం నాకు తెలిసింది, ఎందుకంటే నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయి మనిషి మాత్రం అందులోంచి వెళ్లిపోయింది.

"ఇవెక్కడివి?"

"అటక మీదవి. మీ రసెల్‌వి. ఆ కత్తి అంచు చూడు, ఎంత సన్నంగా ఉందో. ఇన్నాళ్లూ అదంతా కిందే ఉండిపోయింది. ఇప్పుడు నువ్వు ఏ రంగంటే ఆ రంగు వేస్తా."

"వీటికి రంగుండేది."

"ఉండేదిలే, బంకలాగా. నానబెట్టి తీసేశా."

"నానబెట్టిన నీళ్లేం చేశావ్?"

"ఏ నీళ్లు?"

"రంగు దిగిన నీళ్లు, నెవిల్."

"సింకులో పారబోశా."

హేజెల్ లేచి వంటింట్లోకి వెళ్లి సింకులోకి చూసింది. ఆ పని జరిగింది వర్క్‌షాపులో అయ్యుంటుందని, ఇక్కడ కాదని ఆమెకు తెలుసు. అయినా వంగి చూసింది. తిరిగొచ్చి, బొమ్మను జాగ్రత్తగా పళ్లెంలో పెట్టింది.

"ఇందులో రసెల్ ఏడీ?" అంది. గొంతు పెంచలేదు. "సీసం ఎవరో పోశారు. కొట్లో అమ్మారు, వాడు కొన్నాడు. వాడు చేసింది రంగొక్కటే. వాడి చెయ్యి తగిలింది దానికే."

నెవిల్ గుడ్డను మళ్లీ పళ్లెం మీద కప్పాడు. నేను కోటు తగిలించుకున్నాను.

ఇంటికి నడుస్తూ అదే ఆలోచించాను. పైపూత అంటాం, పైమెరుగు అంటాం, పైపై మాటలంటాం. పైనున్నదంతా చవక అని, అసలైనది ఎప్పుడూ లోపలే ఉంటుందని ఎవరు చెప్పారో మాకు, అందరం నమ్మేశాం. బూటు తీసుకోండి. కొత్త అడుగు వేస్తే మళ్లీ నడుస్తుంది. కాని మనిషి నడక తెలిసేది ఆ అరిగిపోయిన పాత అడుగు మీదే. దాన్ని రోజూ పీకి చెత్తబుట్టలో వేసేవాణ్ణి నేను. ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు.

కొన్నాళ్లకు నెవిల్ నా షాపుకొచ్చి, ఎవరివో బూట్లు పక్కకు జరిపి కూర్చున్నాడు.

"క్షమించమన్నాను. సరే అంది."

"మంచిదే కదరా."

"మంచిది కాదు. 'సరే, కొన్నాళ్లు వర్క్‌షాపు పైనున్న గదిలో ఉండు' అంది. ఎన్నాళ్లు అని అడగడానికి నాకు నోరు రాలేదు."

"ఊరందరికీ నోళ్లు బాగుచేసేవాడివి..."

"ఇప్పుడొద్దు డెస్."

సుత్తి పక్కన పెట్టాను. వాడి చొక్కాకు ఇస్త్రీ లేదు. పళ్లకు వాడే గులాబీరంగు మైనం గోళ్లలో ఉంది.

"కోపమైతే పోట్లాడేది," అన్నాడు. "పోట్లాడితే నేనేదో అనేవాణ్ణి. తనేమో ట్రామ్ ఎక్కినవాళ్లతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడుతోంది. ఇంక ఆ ఇంట్లోకి రానిస్తుందన్న నమ్మకం లేదు నాకు. నిన్న ఫోన్ చేసి, గురువారం క్లబ్బుకొస్తానంది. ఆ డబ్బా తెస్తుందట. వాటితో ఒకసారి ఆడాలట, నాతో."

"ఆమెకు ఆట రాదు కదా?"

"రాదు. అదే అర్థం కావట్లేదు."

గురువారం హేజెల్ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది. డబ్బా తెరిచి, పలక మీద తన వైపు బొమ్మలు పేర్చడం మొదలుపెట్టింది. ఒక్కదానికీ రంగు లేదు. హాల్లో మిగతా ఆటలు ఆగిపోయాయి. అందరూ గోడ మీది కాగితాన్ని చూడకుండా ఉండడానికి నానా పాట్లు పడుతున్నారు. గ్యారెత్ ఒక్కడే నేరుగా దాన్నే చూశాడు.

"డెస్, రూలొకటి ఉన్నట్టుంది. చదవమంటావా?"

"అక్కర్లేదు. రాసింది నేనే," అన్నాడు నెవిల్.

"ఇవి రంగు వేసిన బొమ్మలే," అంది హేజెల్ పేరుస్తూనే. "ఇప్పుడు రంగు లేదు, అంతే."

"కనపడని రంగుకి నేను కూడా ఓటేస్తానమ్మా," అన్నాడు గ్యారెత్. "నా విలుకాళ్ల పాంట్లు కూడా అలాంటివేనని ఆరోజు తోచలేదు."

కొందరు నవ్వారు. తీర్పు నాది. నెవిల్ నా వైపు చూడలేదు, ఆమె వైపూ చూడలేదు. "రంగు వేసినవే," అన్నాడు. "నేను చూశాను."

"సాక్షి ఉన్నాడు గనుక ఆడొచ్చు," అన్నాను. గ్యారెత్ మళ్లీ నోరు తెరవబోతే ఇంకో ముక్క కలిపాను. "కాకపోతే ఏ బొమ్మనైనా మొదటిసారి కదిపే ముందు దాని రంగు చెప్పాలి. చెప్పలేనిది బల్ల దిగిపోవాలి."

"న్యాయంగానే ఉంది," అంది హేజెల్.

ఆట మొదలైంది. నెవిల్ రౌతులు ఎప్పట్లాగే దర్జాగా నడిమధ్యన బారులు తీరారు, ఒక్కొక్క గుర్రం కళ్లేనికీ ఒక్కొక్క మెరుపుతో. ఎదురుగా బోడి సీసం. హేజెల్ ఒక దయ్యాన్ని పట్టుకుంది.

"వీడు నీలం. ఆకుపచ్చ రంగు నిండుకుంది, అందుకని నీలం." రెండు గళ్లు జరిపింది. "వీడిది ఎర్ర టోపీ, టోపీ కారి ముక్కు మీదికొచ్చింది. వీడు సగం నలుపు సగం ఊదా, అమ్మ భోజనానికి పిలిచింది, మళ్లీ వచ్చేసరికి డబ్బాలో నలుపు ఎండిపోయింది."

ఆమె చెప్పినకొద్దీ ఆ రంగులు నాకు కనపడడం మొదలైంది. కాసేపటికి నేను కూడా, "నీలంవాడి వంతు" అంటున్నాను. గ్యారెత్ కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఎర్ర టోపీని వెనక్కి లాగమ్మా, గుర్రం తొక్కేస్తుంది" అన్నాడు.

"తొక్కదు," అంది హేజెల్. చేతిలో పాచికలు గలగలలాడించి, ఉఫ్ అని ఊది, విసిరింది. నీలంవాడూ ఊదావాడూ కలిసి నెవిల్ కుడివైపు చివర దూరారు. ఆ వైపు వాడికి కాపలా లేదు. ఎప్పుడూ ఉండదు. ఇద్దరు రౌతులు పడిపోయారు.

నెవిల్ తలెత్తాడు. "నీకు ఆట వచ్చా?"

"రసెల్ ఎవరితో ఆడేవాడనుకున్నావ్? ఆదివారం వాన పడితే వంటింటి బల్ల మీద నేనూ వాడే. ఓడిపోయే పక్షం ఎప్పుడూ నాకే ఇచ్చేవాడు, చిన్నదాన్నని."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు. నువ్వు భోజనాల దగ్గర చెబుతుంటే, నీ కుడివైపు అలా గాలికి ఎందుకు వదిలేస్తావో అడుగుదామని నోటిదాకా వచ్చేది."

"అడగాల్సింది."

"అడిగితే, నీకెలా తెలుసంటావు. అప్పుడు వాడి గురించి చెప్పాలి." ఎర్ర టోపీని ముందుకు జరిపింది. "వినడం మాత్రం ఇష్టంగానే విన్నాను."

"నేను నువ్వు ఓర్చుకుంటున్నావనుకున్నా."

"పలచన రంగు గురించి మాట్లాడినప్పుడు ఓర్చుకున్నా."

నెవిల్ ముఖంలో చాలా రోజుల తర్వాత కళ కనిపించింది. వాడు కూడా ఆడడం మొదలుపెట్టాడు, జాలితో కాదు, నిజంగా. ఎడమవైపు రౌతుల్ని చుట్టూ తిప్పుకొచ్చాడు. ఆమె తిట్టింది. వాడు ఒక గడి ఎక్కువ జరిగాడని ఆమె, జరగలేదని వాడు నాకు ఫిర్యాదు చేశారు. జరిగాడు. వెనక్కి పెట్టించాను. ఇద్దరూ మోచేతులు బల్లకానించి, తలలు దాదాపు తగిలేంతగా వంగి చూస్తున్నారు. ఒకే ఇంట్లో ఉంటూ వీళ్లు ఇన్నాళ్లు ఒక్క ఆట కూడా ఆడలేదు. నా మనసు చివుక్కుమంది.

అప్పుడు హేజెల్ వెనక వరుసలోని డప్పువాణ్ణి పట్టుకుంది. ముందుకు తెస్తే దయ్యాలన్నిటికీ బలం పెరుగుతుంది. వాణ్ణి అప్పటిదాకా కదపలేదు.

"వీడు..." అంది.

వేలు వాడి తల మీదే ఉంది.

"వీడు... ఉండండి. చెబుతా."

బొమ్మను ఎత్తి, తిప్పి, దీపం వైపు పెట్టి చూసింది. ఒట్టి సీసం. ఆమె పెదవులు రంగుల పేర్లు ఒక్కొక్కటే తడుముకోవడం నాకు కనిపించింది. ఆట మొదలైనప్పటినుంచీ ఆమె చూపించిన ధీమా అంతా మెల్లగా దిగిపోయింది. ఆ రంగు ఆమె గుర్తులోంచి కూడా పోయిందంటే ఇక ఎక్కడా లేనట్టే. ఆ సంగతి హాల్లో ఉన్న మోటు బుర్రలన్నిటికీ అర్థమైంది.

"ఏదో ఒకటి చెప్పెయ్యమ్మా," అన్నాడు గ్యారెత్, మెల్లగా. "ఎవరికి తెలుస్తుంది?"

"ఏదో ఒకటి వద్దు." డప్పువాణ్ణి బల్ల అంచుకు తెచ్చింది, దించెయ్యడానికి.

"పసుపు," అన్నాడు నెవిల్.

ఆమె ఆగింది.

"పసుపు. డప్పు మాత్రం గోధుమరంగు. ఎడమ చెవి ముడతలో పసుపు ఎంతకీ వదల్లేదు, గుండుసూదితో తియ్యాల్సొచ్చింది." అక్కడితో ఆపేసి ఉండొచ్చు వాడు. ఆమెకు కావలసింది దొరికింది. కాని ఆపలేదు. తలొంచుకుని, బల్లతో చెబుతున్నట్టు చెప్పాడు. "వీపు మీద వేలిముద్ర ఉండేది. తడిగా ఉన్నప్పుడు పట్టుకున్నట్టు. గీతలతో సహా స్పష్టంగా. పిల్లల వేలు. చూశాను హేజెల్. చూసి కూడా తోమేశాను. పూత చెడిందనుకున్నా."

వాడు ఇంటిని పోగొట్టుకోవడం మేం కళ్లారా చూస్తున్నామనుకున్నాను.

"ఎంత ఉంది?" అంది హేజెల్.

"ఏమిటి?"

"ఆ వేలు. ఎంత ఉంది?"

నెవిల్ తన చిటికెన వేలి కొన పట్టి చూపించాడు. "ఇంతకన్నా చిన్నది. బొటనవేలే అనుకుంటా."

హేజెల్ డప్పువాణ్ణి వెనక్కి తిప్పి, ఆ వీపు మీద తన బొటనవేలు పెట్టింది. ఇప్పుడది బొమ్మనంతా కప్పేసింది.

"రసెల్ చేతులు అప్పటికే పెద్దవి," అంది. "అది నాది. ఆరకముందే పట్టుకున్నానని వాడు నన్ను పెరట్లోకి తరిమాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మళ్లీ పూస్తానన్నాడు, పూయలేదు. అలాగే వదిలేశాడు." వేలు తీసి ఆ వీపును మళ్లీ చూసింది. "ఇది నాకు గుర్తే లేదు నెవిల్. ఇప్పుడు నువ్వు చెబితే వచ్చింది."

నెవిల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అందులో తుడవాల్సిందేమీ లేదు.

"మిగతావి గుర్తున్నాయా నీకు?"

"అన్నీ. ఒక్కొక్కటీ ఎంతసేపు చేతిలో పెట్టుకున్నానో." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఎక్కడెక్కడ కారిందో కూడా."

"సరే." డప్పువాణ్ణి పలక మీద పెట్టి, ముందుకు జరిపింది. "పసుపువాడు, రెండు గళ్లు. మిగతావి ఇంటికెళ్లాక చెబుదువుగాని."

నెవిల్ ఆ మాట విన్నాడో లేదోనని చూశాను. విన్నాడు. పాచికలు చేతిలోకి తీసుకుని, వాటినేం చేయాలో తెలియనివాడిలా కూర్చున్నాడు.

"నీ వంతు," అంది హేజెల్. "కుడివైపు చూసుకో."

విసిరాడు. ఒక పాచిక బల్ల దాటి గ్యారెత్ కాళ్ల దగ్గర పడింది. అది చెల్లదన్నాను. చెల్లుతుందని మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒకేసారి నా మీదికొచ్చారు.